పెద్దల మందు పిల్లలకు రాస్తే భయపడాలా?

మీ పిల్లవాడికి జబ్బు చేసింది. ఆస్పత్రిలో చేర్చారు. డాక్టరుగారు ఒక మందు రాశారు. ఇంట్లో చదువుకున్నవారెవరో ఆ మందు పెట్టెలోని కాగితం విప్పి చదివారు. "పిల్లలలో ఈ మందు క్షేమమని నిర్ధారణ కాలేదు" అని అందులో వున్నది. లేదా మీ పిల్లవాడి జబ్బు పేరే అందులో లేదు, మరేదో పెద్ద జబ్బు పేరు వున్నది. అప్పుడు మీరేం చేస్తారు?

కొందరు డాక్టరు మీద కోపగిస్తారు. కొందరు హడలిపోయి, ఎవరికీ చెప్పకుండా మందు మానిపిస్తారు. ఇంకొందరు అదేమిటని అడగకుండానే వేసేస్తారు. ఈ మూడు పనులూ మంచివి కావు. అసలు సంగతి ఏమిటో తెలుసుకుంటే ఈ మూడింటి అవసరమూ వుండదు.

పెట్టె మీద మాట, పెట్టె బయటి మాట

ఏ మందునైనా అమ్మాలంటే దాన్ని తయారుచేసే కంపెనీ ప్రభుత్వం నుంచి అనుమతి పొందాలి. ఏ జబ్బుకు, ఏ వయసువారికి, ఎంత మోతాదులో, నోటి ద్వారానా సూది ద్వారానా – ఇవన్నీ ఆ అనుమతిలో వుంటాయి. పెట్టెలోని కాగితం మీద అచ్చువేసేది దాన్నే. డాక్టరుగారు ఆ మందును అందులో చెప్పని జబ్బుకో, చెప్పని వయసుకో, చెప్పని మోతాదులోనో వాడితే దాన్ని 'ఆఫ్ లేబుల్' వాడకం అంటారు.

రెండవ రకం ఇంకొకటి వున్నది. మాత్ర పెద్దలకోసం చేసినదే. చంటిబిడ్డకు అందులో పదో వంతు చాలు. ఆస్పత్రిలో ఆ మాత్రను నూరి పొట్లాలు కడతారు, లేదా నీళ్ళలో కలిపి ద్రవంగా చేస్తారు. మందు పాతదే, కాని ఆ రూపానికి ఎవరూ అనుమతి పొందలేదు. దీన్ని 'అనుమతి లేని' వాడకం అంటారు. దొంగ మందు అని మాత్రం దీని అర్థం కాదు.

ఇది ఎక్కడో అరుదుగా జరిగే పని అనుకోకండి. ఇంగ్లండు, స్వీడన్, జర్మనీ, ఇటలీ, హాలండు దేశాలలో అయిదు ఆస్పత్రులలోని పిల్లల వార్డులను పరిశీలించి 2000వ సంవత్సరంలో ఫలితాలు ప్రకటించారు. చేరిన 624 మంది పిల్లలలో 67 శాతం మందికి ఇటువంటి మందు ఒక్కటైనా ఇచ్చారు. రాసిన మందులన్నింటిలో దాదాపు సగం – 46 శాతం – ఇటువంటివే. అన్ని వసతులూ వున్న దేశాల మాట ఇది.

ఎందుకిలా జరుగుతుంది?

అనుమతి అడగవలసింది కంపెనీ. అడగాలంటే ముందు పరీక్షలు జరిపి రుజువు చూపాలి. పిల్లల మీద పరీక్షలు జరపడం కష్టం, ఖర్చు. ఏ తల్లిదండ్రులు ముందుకు వస్తారు? పైగా పెద్దవాళ్ళతో పోలిస్తే ఆ మందు అవసరమయ్యే పిల్లలు కొద్దిమందే. మందు పాతదై చవక అయిపోతే ఇక లాభమూ వుండదు. అందుచేత చాలా కంపెనీలు పెద్దలకు మాత్రమే అనుమతి తీసుకుని ఊరుకుంటాయి. హారీ షర్కీ అనే అమెరికన్ పిల్లల డాక్టరు 1960లలోనే ఇటువంటి పిల్లలను "చికిత్సలో అనాథలు" అన్నాడు.

అమెరికాలో 2002, 2003 సంవత్సరాలలోను, యూరప్‌లో 2007లోను పిల్లలకు కూడా మందులను పరీక్షించేటట్లు చట్టాలు తెచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో మొదటిసారి పిల్లలకు అవసరమైన మందుల జాబితాను విడిగా తయారుచేసింది. పరిస్థితి కొంత మెరుగుపడింది. కాని పాత మందుల కాగితాలు చాలావరకు పాతవిగానే వుండిపోయాయి.

కాబట్టి కాగితంలో పిల్లల మాట లేదంటే చాలాసార్లు "పిల్లలకు పనికిరాదు" అని కాదు, "పిల్లల సంగతి మేము అడగలేదు" అని అర్థం. ఈ తేడా మీరు గుర్తుంచుకోవాలి.

పిల్లవాడంటే చిన్న సైజు పెద్దమనిషి కాదు

అలాగని పెద్దల మోతాదును సగం చేసి వేసేస్తే సరిపోతుందా? సరిపోదు. అప్పుడే పుట్టిన బిడ్డ కాలేయం మందును విరిచి బయటికి పంపే పని ఇంకా పూర్తిగా నేర్చుకోలేదు. మూత్రపిండాలూ అంతే. పెద్దలలో కొన్ని గంటలలో పోయే మందు చంటిబిడ్డ ఒంట్లో రోజుల తరబడి నిలిచిపోవచ్చు.

క్లోరాంఫెనికాల్ కథ వినండి. టైఫాయిడుకు ఒకప్పుడు రామబాణంలా పనిచేసిన మందు అది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు చీము జబ్బులు రాకుండా దాన్ని ఇచ్చారు. బిడ్డల పొట్ట ఉబ్బింది, ఒళ్ళు బూడిద రంగుకు తిరిగింది, కొందరు చనిపోయారు. వాళ్ళ కాలేయం ఆ మందును విరవలేకపోయిందని 1959లో అమెరికా డాక్టర్లు తేల్చి చెప్పారు. ఆ తరువాతనే మోతాదు మార్చారు.

అంటే పరీక్షించని మందు విషయంలో డాక్టరుకు జాగ్రత్త ఎంత అవసరమో, మీకూ అంతే అవసరం.

మన కొండలలో ఒక ఉదాహరణ

ఇదంతా పెద్ద పట్నాల సంగతి అనుకుంటున్నారా? అల్లూరి సీతారామరాజు జిల్లా పెదబయలు వైపు రండి. పాడేరు, ముంచింగిపుట్టు మధ్య కొండలలో వున్న మండలం ఇది. ఈ కొండ ప్రాంతంలోని గిరిజన కుటుంబాలలో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు వున్నది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి – లోపం వున్న జన్యువులు రెండూ బిడ్డకు వస్తే జబ్బు బయటపడుతుంది. గుండ్రంగా వుండవలసిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగి, సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటాయి. ఎముకలలో, కడుపులో భరించరాని నొప్పి వస్తుంది. రక్తం తగ్గిపోతుంది. జ్వరాలు తరచుగా వస్తాయి.

ఈ జబ్బుకు వాడే ముఖ్యమైన మందు హైడ్రాక్సీ యూరియా. ఆ పెట్టెలోని కాగితం చదివితే మీ గుండె జారిపోతుంది – అందులో క్యాన్సరు మాట వుంటుంది. నిజమే, అమెరికాలో 1967లో దానికి మొదట అనుమతి వచ్చింది క్యాన్సరుకే. మరి సికిల్ సెల్‌కు ఎందుకు?

బిడ్డ తల్లి కడుపులో వున్నప్పుడు ఒక రకం హిమోగ్లోబిన్ వుంటుంది. పుట్టిన కొద్ది నెలలకు అది తగ్గిపోతుంది. అది ఎక్కువగా వుంటే కణాలు కొడవలిలా వంగవు. హైడ్రాక్సీ యూరియా ఆ పాత హిమోగ్లోబిన్‌ను తిరిగి పెంచుతుంది. పెద్దలలో నొప్పి దాడులు దాదాపు సగానికి తగ్గాయని 1995లో రుజువైంది. 1998లో అమెరికాలో పెద్దలకు అనుమతి వచ్చింది. మరి పిల్లలకు? యూరప్‌లో 2007లోను, అమెరికాలో 2017 డిసెంబరులోను – రెండేళ్ళు దాటినవారికి. అంటే అమెరికాలో దాదాపు 20 ఏళ్ళపాటు పిల్లల డాక్టర్లు ఈ మందును కాగితంలో లేకుండానే రాశారు. వాళ్ళు రాయకుండా చేతులు ముడుచుకుని కూర్చుంటే ఎంతమంది పిల్లలు నొప్పితో మెలికలు తిరిగేవారో ఆలోచించండి. తొమ్మిది నుంచి పద్ధెనిమిది నెలల పసివాళ్ళలో కూడా ఇది మేలు చేస్తుందని 2011లో వెలువడిన పరీక్షలో తేలింది. మన దేశంలో నాగపూరు డాక్టర్లు కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల తక్కువ మోతాదుతోనే పిల్లలలో మంచి ఫలితాలు చూశారు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభమయింది. గిరిజన ప్రాంతాలలో నలభై ఏళ్ళ లోపు వారికి రక్తపరీక్షలు చేయాలని అందులో నిర్ణయించారు. పరీక్షలు ఎక్కువైతే మందు అవసరమయ్యే పిల్లలూ ఎక్కువ మందే బయటపడతారు. చిక్కు అక్కడే వున్నది.

అయిదో వంతు ఎలా తీస్తారు?

పదికిలోల పిల్లవాడికి కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున వేయవలసింది 100 మిల్లీగ్రాములు. మామూలుగా దొరికే క్యాప్సూలులో వున్నది 500 మిల్లీగ్రాములు. అంటే అయిదో వంతు. క్యాప్సూలును కత్తితో కోయలేరు కదా! ఆస్పత్రిలో దాన్ని విప్పి, లెక్కగా నీటిలో కలిపి, సూది లేని సిరంజితో కొలిచి ఇస్తారు. లేదా మోతాదులను రోజులకు సర్దుతారు. ఇటీవల మన దేశంలో కూడా దీన్ని పిల్లలకోసం ద్రవంగా తయారుచేయడం మొదలుపెట్టారు. కాని అన్ని చోట్లా అది దొరికేదాకా ఈ కొలతల గొడవ తప్పదు.

ఆస్పత్రిలో నర్సు చూస్తూ వుంటుంది. ఇంటికి వెళ్ళాక? గ్లాసులో నీళ్ళు ఎన్ని పోశారు, చెంచా ఎంతది, పొడి అంతా కరిగిందా – వీటిలో ఏ ఒక్కటి తప్పినా మోతాదు మారిపోతుంది. మోతాదు మరీ ఎక్కువైతే తెల్లకణాలు పడిపోతాయి, జ్వరాలను తట్టుకునే శక్తి పోతుంది. తక్కువైతే నొప్పి తిరగబెడుతుంది. అందుకే మొదట్లో తరచుగా, తరువాత రెండు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష చేయించాలి. "బాగానే వున్నాడు కదా, మళ్ళీ అంత దూరం ఎందుకు" అని ఆ పరీక్ష మానుకోకండి. మందు క్షేమంగా వుండేది ఆ పరీక్ష వల్లనే. గర్భిణీ స్త్రీలు ఈ మందు పొడిని ముట్టుకోకూడదు. మిగతావారు కూడా కలిపిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

బరువు సంగతి మరీ ముఖ్యం. "అయిదేళ్ళవాడు" అని వయసు చెబితే చాలదు. చక్కగా ఎదిగిన అయిదేళ్ళ పిల్లవాడు 18 కిలోలు వుంటే, సరైన తిండి లేక చిక్కిపోయినవాడు 12 కిలోలే వుండవచ్చు. ఒకే వయసుకు ఒకే మోతాదు వేస్తే రెండోవాడికి ఒకటిన్నర రెట్లు పడుతుంది. కొండల్లో ఇటువంటి పిల్లలు తక్కువేమీ లేరు. కనుక తూచకుండా మందు తీసుకోకండి.

మలేరియా మందుల సంగతి

వానలు పడితే ఈ కొండలలో మలేరియా భయం. ఇక్కడ కూడా పసివాళ్ళది అదే కథ. మలేరియా క్రిములను చంపే ముఖ్యమైన మందు ఒకటి పిల్లలకోసం కరిగే మాత్రలుగా 2009లో వచ్చింది. అదీ అయిదు కిలోలు దాటినవారికే. అంతకంటె తక్కువ బరువున్న బిడ్డకు మలేరియా వస్తే పెద్దపిల్లల మందునే డాక్టర్లు జాగ్రత్తగా సర్ది ఇస్తూ వచ్చారు. రెండు నుంచి అయిదు కిలోల బిడ్డలకోసం తయారుచేసిన మందుకు స్విట్జర్లాండులో అనుమతి వచ్చింది 2025 జూలైలో! ప్రపంచమంతటా లక్షల పిల్లలకు వచ్చే జబ్బుకే ఇన్నాళ్ళు పట్టింది.

ప్రైమాక్విన్ మాట వేరు. ఒక రకం మలేరియా తిరగబెట్టకుండా 14 రోజులు ఇచ్చే మాత్ర ఇది. ఏడాది లోపు బిడ్డలకు ఇవ్వకూడదు. రక్తంలో జి-6-పి-డి అనే పదార్థం తక్కువగా వున్నవారికి ఇస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంది, కళ్ళు పచ్చబడతాయి. అలా కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అన్నకు ఇచ్చి మిగిలిన మాత్రలు తమ్ముడికి వేయకూడదనడానికి ఇంతకంటె వేరే కారణం అవసరం లేదు.

"చెప్పలేదు" వేరు, "వద్దు" వేరు

కాగితంలో పిల్లల మాట లేకపోవడం ఒకటి. "ఇన్నేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వరాదు" అని స్పష్టంగా వుండటం మరొకటి. మొదటిదాన్ని డాక్టరు తన అనుభవంతోను, పుస్తకాల ఆధారంతోను దాటవచ్చు. రెండోదాన్ని దాటాలంటే చాలా గట్టి కారణం వుండాలి. చట్టం నిషేధించినదైతే దాటనే కూడదు. జ్వరానికి విరివిగా వాడిన నిమెసులైడ్‌ను 12 ఏళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకుండా మన ప్రభుత్వం 2011లో నిషేధించింది. జలుబు, దగ్గు సిరప్‌లలో వేసే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ మందుల కలయికను నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని సీసా మీద అచ్చువేయాలని 2023 డిసెంబరులో ఆదేశించారు.

ఇక్కడ ఇంకొక సంగతి కలగాపులగం కాకూడదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి ఇరవైమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసింది. అమెరికాలో 1937లో వందమందికి పైగా ప్రాణాలు తీసిన పదార్థం కూడా అదే. అది కల్తీ, తయారీలో నేరం. డాక్టరు ఆలోచించి కాగితానికి వెలుపల రాసే మంచి మందుకూ దానికీ పోలిక లేదు. కాని నాలుగేళ్ళ లోపు పిల్లవాడికి మామూలు జలుబుకు ఆ సిరప్‌తో అసలు పనే లేదు. అవసరం లేని మందు వేయకపోతే దానిలోని కల్తీ కూడా బిడ్డ కడుపులోకి పోదు కదా!

డాక్టరుగారిని ఏమి అడగాలి?

అడగడం తప్పు కాదు. మర్యాదగా అడిగితే మంచి డాక్టరెవరూ విసుక్కోరు. ఈ ప్రశ్నలు గుర్తుంచుకోండి.

1. ఈ మందు ఏ జబ్బుకు? ఎన్ని రోజులు?

2. పిల్లలకోసం చేసిన మందు ఇందుకు వేరే దొరుకుతుందా? లేకపోతే దీన్నే ఎందుకు ఎంచుకున్నారు?

3. మా బిడ్డ బరువు ఎంత? ఆ బరువుకు ఎంత మోతాదు? ఆ రెండూ చీటీ మీద రాయండి.

4. ఇంట్లో ఎలా కలపాలి, దేనితో కొలవాలి? (నర్సు ఎదుట మీ చేతులతో ఒకసారి కొలిచి చూపండి. చూడటం వేరు, చేయడం వేరు.)

5. ఏ లక్షణం కనిపిస్తే మందు ఆపాలి? ఏది కనిపిస్తే వెంటనే రావాలి?

తెలుగు సరిగా రాని తల్లి అయితే, ఆమె మాట్లాడే ఆదివాసీ ఒడియా, కువి తెలిసిన ఆశా కార్యకర్తనో బంధువునో పక్కన వుంచుకుని ఈ జవాబులు వినాలి. తల ఊపినంత మాత్రాన అర్థమైనట్లు కాదు.

పెదబయలు ఆరోగ్య కేంద్రం నుంచి పాడేరుకు, అక్కడినుంచి విశాఖపట్నం కింగ్ జార్జి ఆస్పత్రికి వెళ్ళవలసి వస్తే, ప్రతిచోటా డాక్టరు కొత్తవాడే. బిడ్డ ఇదివరకు ఏ మందు, ఎంత వాడాడో ఆయనకు తెలియదు. అన్ని కాగితాలు, మందు ఖాళీ పెట్టెతో సహా, ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి బిడ్డతోపాటు తీసుకువెళ్ళండి.

తల్లిదండ్రుల సందేహాలు

కాగితంలో లేని మందు ఇస్తున్నారంటే మా బిడ్డ మీద ప్రయోగం చేస్తున్నట్లేనా?

కాదు. ప్రయోగం అంటే కొత్త సంగతి కనుక్కోవడానికి జరిపేది. దానికి మీ రాతపూర్వకమైన అంగీకారం తప్పనిసరి. ఇది మీ బిడ్డ జబ్బు నయం చేయడానికి ఇచ్చే చికిత్స. అయినా సంగతి మీకు వివరించడం డాక్టరు ధర్మం, అడగడం మీ హక్కు.

మాత్రను నూరి పాలలో కలిపి పట్టవచ్చా?

అడగకుండా చేయకండి. కొన్ని మాత్రలు మెల్లగా కరిగేటట్లు తయారుచేస్తారు. నూరితే రోజంతటి మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. కొన్నింటి బలాన్ని పాలు తగ్గిస్తాయి. కలపమంటే కొద్ది పాలలోనే కలపండి. గ్లాసెడు పాలలో కలిపితే బిడ్డ సగం తాగి వదిలేస్తాడు, మందూ సగమే లోపలికి పోతుంది.

వంటింటి చెంచాతో పోస్తే ఏమవుతుంది?

ఏ రెండిళ్ళ చెంచాలూ ఒకటి కావు. సీసాతో వచ్చిన మూతతోగాని, సూది లేని సిరంజితోగాని కొలవండి. చీటీ మీద 0.5 మి.లీ. అని వున్నదా, 5 మి.లీ. అని వున్నదా బాగా చూసుకోండి. ఆ ఒక్క చుక్క చూడకపోతే పదిరెట్లు మందు పడుతుంది.

మందు పడలేదని అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి?

ముందు డాక్టరుకు. మందుల వల్ల కలిగే చెడు ఫలితాలను నమోదు చేయడానికి 2010 నుంచి మన దేశంలో ఒక జాతీయ కార్యక్రమం వున్నది. 1800 180 3024 నంబరుకు ఉచితంగా ఫోను చేసి ఎవరైనా చెప్పవచ్చు. పిల్లలమీద పరీక్షలు తక్కువగా జరిగిన మందుల విషయంలో మీరు చెప్పే ఆ ఒక్క సంగతి రేపు మరొక బిడ్డకు పనికివస్తుంది.

సికిల్ సెల్ వున్న పిల్లవాడు మందు వాడుతుండగా జ్వరం వస్తే?

రాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగవద్దు. ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. మందు వేయాలో ఆపాలో అక్కడ రక్తం చూసి చెబుతారు. కాగితంలో క్యాన్సరు పేరు చూసి మీ అంతట మీరు ఆపకండి. పాత చీటీ పట్టుకుని సంతకు వెళ్ళినప్పుడు మందుల షాపులో కొని మీ అంతట మీరు పెంచకండి కూడా. పిల్లవాడు నెలనెలా ఎదుగుతాడు, బరువు మారుతుంది. ఆరు నెలల కిందటి చీటీ మీద రాసిన మోతాదు ఆనాటి పిల్లవాడిది, ఈనాటి పిల్లవాడిది కాదు. మళ్ళీ తూచి, మళ్ళీ రాయించుకోండి.